అలుగు లేని చెరువులు: నికరాగువా అగ్నిపర్వతాల నడుమ నీళ్ల సంగతి

మంచినీటి సరస్సులో సొరచేప ఉందంటే మొదట ఎవరూ నమ్మరు. మధ్య అమెరికాలోని నికరాగువాలో, కొసిబోల్కా సరస్సు ఒడ్డున పుట్టి పెరిగిన జాలర్లకు మాత్రం అది తాతల నాటి నుంచి తెలిసిన సంగతే. శాస్త్రవేత్తలకే అది చాలాకాలం అంతుపట్టలేదు. 1877లో గిల్, బ్రాన్స్‌ఫర్డ్ అనే ఇద్దరు అమెరికన్లు ఈ సొరచేపకు ప్రత్యేక జాతిగా పేరు పెట్టారు. దానికి తగ్గట్టే ఒక కథనం కూడా బలపడింది. ఒకప్పుడు ఇక్కడ పసిఫిక్ మహాసముద్రపు అఖాతం ఉండేదట. అగ్నిపర్వతాలు వరుసగా లేచి దాని నోరు మూసేశాయట. లోపల చిక్కుకున్న ఉప్పునీళ్లు వానలకు క్రమంగా తీపెక్కాయట, సొరచేపలు కూడా ఆ నీళ్లకే అలవాటు పడ్డాయట. వినడానికి ఎంతో బాగున్న కథ. చాలా పుస్తకాల్లో నిజంగానే చలామణీ అయింది.

1961లో ఆ చేప ప్రత్యేక జాతి కాదని తేలింది. అది ప్రపంచమంతా వెచ్చని తీరాల్లో తిరిగే బుల్ షార్కే. అమెజాన్‌లోకి, ఆఫ్రికాలోని జాంబెజీలోకి ఎదురీదే రకం. మరి సరస్సులోకి ఎలా వచ్చింది? అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ థోర్సన్ 1960లలో సొరచేపలకు ట్యాగులు తగిలించి వదలడం మొదలుపెట్టారు. సరస్సులో ట్యాగు వేసినవి సముద్ర ముఖద్వారం దగ్గర దొరికాయి. ముఖద్వారం దగ్గర వేసినవి సరస్సులో దొరికాయి. కొసిబోల్కా నుంచి కరీబియన్ సముద్రానికి పారే సాన్ హువాన్ నది పొడవు దాదాపు 200 కిలోమీటర్లు. మధ్యలో ఎల్ కస్తీయో దగ్గర రాళ్ల మీద నీళ్లు ఉరకలెత్తే చోట్లున్నాయి. సొరచేపలు ఆ ఉరవడికి ఎదురీది పైకి వస్తున్నాయి, మళ్లీ కిందికి పోతున్నాయి. ఒంట్లో ఉప్పు పాళ్లను నీటికి తగ్గట్టు సర్దుకునే శక్తి వాటికి ఉంది. అవి ఏనాడూ సరస్సులో బందీలు కావు.

నికరాగువా నీళ్లను అర్థం చేసుకోవాలంటే పట్టుకోవలసిన కొస ఇదే. ఏ సరస్సుకు బయటికి దారి ఉంది, దేనికి లేదు? మన ఊరి చెరువు భాషలో చెప్పాలంటే, దేనికి అలుగు ఉంది, దేనికి లేదు? ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఏ నీటిలో ఏ చేప ఉందో, ఏది తాగవచ్చో, ఏది చెడితే మళ్లీ బాగుపడుతుందో చాలావరకు దానంతటదే తెలుస్తుంది.

దేశపు పసిఫిక్ తీరానికి సమాంతరంగా ఒక పొడవాటి పల్లం ఉంది. సముద్రం కింద కోకోస్ అనే భూఫలకం కరీబియన్ భూఫలకం కిందికి దూరుతోంది. దాని ఫలితంగా ఒకపక్క శిల కరిగి అగ్నిపర్వతాల వరుస లేచింది, మరోపక్క నేల బీటలు వారి ఒక పట్టీలాగా కుంగిపోయింది. వాయవ్యాన ఫోన్సెకా అఖాతం నుంచి ఆగ్నేయాన కోస్టారికా సరిహద్దు దాకా ఈ పల్లం సాగుతుంది. చుట్టుపక్కల వాననీళ్లన్నీ దొర్లి ఇందులోకే చేరతాయి. దేశంలోని రెండు పెద్ద సరస్సులూ ఈ పల్లంలోనే ఉన్నాయి. దక్షిణాన కొసిబోల్కా, వాయవ్యాన షొలొట్లాన్. బయటి ప్రపంచం వీటిని నికరాగువా సరస్సు, మనాగ్వా సరస్సు అంటుంది.

కొసిబోల్కా వైశాల్యం 8,000 చదరపు కిలోమీటర్లకు పైనే. మధ్య అమెరికాలో ఇంతకన్నా పెద్ద సరస్సు లేదు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. తూర్పు నుంచి వీచే వాణిజ్య పవనాలకు అలలు లేచి పడుతుంటాయి. 1523లో స్పానిష్ సేనాని గిల్ గొన్సాలెస్ దావిలా దీన్ని చూసి ‘తీయని సముద్రం’ అని పేరు పెట్టాడు. ఇంత పెద్ద సరస్సు లోతు మాత్రం తక్కువ. సగటున 12, 13 మీటర్లు. ఈ తక్కువ లోతు గురించి మళ్లీ చెప్పుకోవాలి.

సరస్సు నడుమ ఓమెతెపే ద్వీపం ఉంది. నహువాత్ల్ భాషలో ఆ పేరుకు ‘రెండు కొండలు’ అని అర్థం. ఒకటి కాన్సెప్సియోన్, ఎత్తు 1,610 మీటర్లు. దాదాపు నున్నని శంఖాకారం, ఇంకా పొగ చిమ్ముతూనే ఉంటుంది. రెండోది మదెరాస్, ఎప్పుడో చల్లారింది. దాని నెత్తిన మబ్బుల్లో ఒక చిన్న సరస్సు ఉంది. అంటే సరస్సులో ద్వీపం, ద్వీపం మీద కొండ, కొండ మీద మళ్లీ సరస్సు. గ్రనాడా నగరం దగ్గర వందలాది లంకలు నీళ్లలో చల్లినట్టు కనిపిస్తాయి. మొంబాచో అగ్నిపర్వతం ఒక పక్క మొత్తం విరిగిపడి, ఆ బండలూ మట్టీ సరస్సులోకి దూసుకువచ్చినప్పుడు ఏర్పడినవి అవి. ఒక్కో లంక మీద ఒకటో రెండో ఇళ్లు, చుట్టూ నీళ్లు.

అలుగు ఉన్నందువల్ల కొసిబోల్కాకు జరిగిన మేలు ఎంతో, కీడు కూడా అంతే. గ్రనాడా సముద్రానికి ఎంతో దూరంలో ఉన్నా, నదీమార్గాన సముద్రపు దొంగలు వచ్చి మీద పడ్డారు. 1665లో హెన్రీ మోర్గాన్ ముఠా చిన్న పడవల్లో సాన్ హువాన్ నది ఎక్కి వచ్చి ఊరిని దోచుకుంది. ఆ దెబ్బకే స్పెయిన్ పాలకులు 1670లలో నది ఉరవడి దగ్గర, ఎల్ కస్తీయోలో కోట కట్టారు. కోట ఇప్పటికీ ఉంది. దొంగలు పడవలు దిగి మోసుకుపోవలసిన చోటు, సొరచేపలు ఎదురీదవలసిన చోటు ఒకటే.

సొరచేపల గురించి సంతోషంగా చెప్పుకునే పరిస్థితి ఇప్పుడు లేదు. 20వ శతాబ్దంలో రెక్కల కోసం, మాంసం కోసం వాటిని విపరీతంగా పట్టారు. ముట్టె రంపంలా ఉండే రంపపు చేప కూడా ఇదే నదీమార్గాన వచ్చి ఈ సరస్సులో పెరిగేది. 1970లలో వాటిని వేలకువేలు పట్టి గ్రనాడాలో కోసి ఎగుమతి చేశారు. కొన్నేళ్లలోనే వలలు ఖాళీ అయ్యాయి. థోర్సన్ హెచ్చరించాక 1980ల మొదట్లో ప్రభుత్వం రంపపు చేపల వేటను ఆపింది. అప్పటికే ఆలస్యమైంది. రంపపు చేప చాలా ఏళ్లకు గానీ ఈడుకు రాదు, ఈడొచ్చాక కూడా కొద్ది పిల్లల్నే కంటుంది. అలాంటి చేపను రొయ్యల్లా పట్టేస్తే మిగిలేదేముంటుంది? దారి తెరిచే ఉంది. ఆ దారిన రావలసిన చేపే కరువైంది.

ఇక షొలొట్లాన్ సంగతి. వైశాల్యం వెయ్యి చదరపు కిలోమీటర్లకు అటూఇటూ. కొసిబోల్కా కంటే కొన్ని మీటర్లు ఎత్తులో ఉంటుంది. రెండింటికీ నడుమ తిపితాపా అనే నది ఉంది. మ్యాపులో చూస్తే పై సరస్సు నుంచి కింది సరస్సుకు నీళ్లు పోతున్నట్టే ఉంటుంది. నిజానికి చాలా ఏళ్లు ఆ నది తల దగ్గర నీళ్లు పారవు. బాగా వానలు పడి మట్టం పెరిగితేనే పొర్లుతుంది. మామూలు రోజుల్లో ఈ సరస్సు నుంచి నీళ్లు పోయే దారి ఆవిరి కావడమే. ఆవిరి నీటిని మాత్రమే తీసుకుపోతుంది. నీటిలో కలిసినవన్నీ, వేడినీటి ఊటలు మోసుకొచ్చే లవణాలతో సహా, కిందే ఉండిపోతాయి. అందుకే మనిషి చేయి పడకముందే ఇది కొసిబోల్కా అంత తియ్యగా లేదు.

తర్వాత మనిషి చేయి పడింది. రాజధాని మనాగ్వా దీని దక్షిణపు ఒడ్డున పెరిగింది. 1927 నుంచి ఊరి మురుగు నేరుగా సరస్సులోకి వదిలారు. ఊరు లక్షల జనాభాకు చేరినా మురుగు శుద్ధి లేదు. 1960ల చివర ఒడ్డున వెలిసిన ఒక రసాయన కర్మాగారం క్లోరిన్, కాస్టిక్ సోడా తయారీలో పాదరసం వాడేది. ఆ పాదరసం టన్నుల లెక్కన సరస్సులోకి చేరింది. చాలదన్నట్టు లా చురేకా అనే బహిరంగ చెత్తకుప్ప కూడా ఇదే ఒడ్డున పేరుకుంది. దాని మీద చెత్త ఏరుకుని వందలాది కుటుంబాలు బతికాయి. చివరికి స్పెయిన్ సాయంతో దాన్ని మూశారు. జర్మనీ వంటి దేశాల సాయంతో 2009లో పెద్ద మురుగు శుద్ధి కేంద్రం మొదలైంది. ఎనభై ఏళ్ల తర్వాత మొదటిసారి ఊరి మురుగు శుద్ధి అయి సరస్సులోకి పోవడం మొదలైంది. అది నిజంగా గొప్ప మార్పు. అయితే శుద్ధి కేంద్రం ఆపగలిగేది రేపు రాబోయే మురుగునే. అడుగున బురదలో కూర్చున్న పాదరసాన్ని అది ముట్టుకోలేదు. పారే నదిలో పడి ఉంటే ఆ విషంలో కొంతైనా సముద్రం పాలయ్యేది. ఇక్కడ బురదలోంచి పురుగులోకి, పురుగులోంచి చేపలోకి, చేపలోంచి పళ్లెంలోకి తిరుగుతూ ఉండిపోతుంది.

ఇదే ఒడ్డున అకహువలింకా అనే చోట సుమారు 2,100 ఏళ్ల నాటి మనుషుల అడుగుజాడలున్నాయి. అగ్నిపర్వతపు బూడిద వానకు తడిసి బురదైనప్పుడు ఒక గుంపు దాని మీదుగా సరస్సు వైపు నడిచింది. ఆ బురద గట్టిపడి, పైన మరో పొర పడి, జాడలు అలాగే నిలిచాయి. 1874లో రాళ్లు తవ్వేవాళ్లకు కనిపించాయి. పెద్దవాళ్ల పాదాలూ చిన్నవాళ్ల పాదాలూ ఉన్నాయి. అగ్నిపర్వతానికి భయపడి పారిపోతున్నారని ఒకప్పుడు అనుకున్నారు. అడుగుల మధ్య దూరం చూస్తే పరుగు కాదు, మామూలు నడకే. నీళ్ల కోసమో చేపల కోసమో వెళ్తున్న మనుషులు కావచ్చు. ఆ జాడలు చూపించే సరస్సునే వాళ్ల తర్వాతి తరాలు మురుగు గుంటగా మార్చుకున్నాయన్నది మింగుడుపడని విషయం.

అలుగు లేనిచోట వరద కూడా వేరుగా వస్తుంది. 1998 అక్టోబర్ చివరలో మిచ్ తుఫాను రోజుల తరబడి కురిసినప్పుడు షొలొట్లాన్ మట్టం మీటర్ల లెక్కన పెరిగి, ఒడ్డున గుడిసెలు వేసుకున్న పేదల ఇళ్లు మునిగిపోయాయి. ఎండిన తిపితాపా అప్పుడు నిజమైన నదైంది. అదే తుఫానులో వాయవ్యాన కసీతా అగ్నిపర్వతపు వాలు నీళ్లు తాగి జారి, బురద ప్రవాహమై రెండు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది.

రెండు పెద్ద సరస్సులనే నికరాగువా జనం ‘లాగో’ అంటారు. ‘లగూనా’ అనే మాట వేరే వాటికి ఉంచుకున్నారు. మన భూగోళ పాఠాల్లో లాగూన్ అంటే సముద్రం పక్కన ఇసుక తిన్నె వెనక ఉండే ఉప్పునీటి సరస్సు, పులికాట్ లాంటిది. ఇక్కడి పసిఫిక్ వైపు జనం లగూనా అంటే మాత్రం అగ్నిపర్వత బిలంలో నిండిన నీళ్లు. మసాయా, అపోయో, హిలోవా, అపొయెకే, అసొసొస్కా, నెహాపా, తిస్కాపా. మనాగ్వా చుట్టుపక్కలే ఇన్ని ఉన్నాయి. వేటికీ అలుగు లేదు. చాలావాటిలోకి ఏరు కూడా రాదు. పైనుంచి వాన, కిందనుంచి భూగర్భ జలం, అంతే.

ఇవి పుట్టిన తీరు రెండు రకాలు. పైకి వస్తున్న లావా దారిలో భూగర్భ జలం తగిలితే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. నేలకు లోతైన గుంట పడుతుంది, కొండ లేవదు. తిస్కాపా, అసొసొస్కా అలా పుట్టినవే. రెండో రకంలో భారీ విస్ఫోటనంతో అడుగునున్న లావా గది ఖాళీ అయిపోయి, పైకప్పు లోపలికి కూలుతుంది. అపోయో అలా ఏర్పడింది. అన్నిటికంటే కొత్తది వాయవ్యపు కొసన ఉన్న కొసిగ్వినా. 1835 జనవరిలో అది పేలినప్పుడు ఆ చప్పుడు దూరదేశాల్లో కూడా వినిపించింది. ఆ పేలుడు మిగిల్చిన బిలంలో ఇప్పుడు కిలోమీటరున్నర వెడల్పున నీళ్లు నిలిచాయి. రెండు వందల ఏళ్లు కూడా నిండని సరస్సు అది.

తిస్కాపా రాజధాని నడిబొడ్డున ఉంది. దాని గట్టు మీద అధ్యక్ష భవనం ఉండేది. 1934 ఫిబ్రవరి 21 రాత్రి ఆ భవనంలో విందు ముగించి బయటికి వచ్చిన తిరుగుబాటు నాయకుడు అగస్టో సాండినోను పట్టుకుపోయి చంపారు. 1972 డిసెంబర్ 23న వచ్చిన భూకంపం మనాగ్వాను నేలమట్టం చేసింది, వేలమంది చనిపోయారు. అప్పుడు కదిలిన భూభ్రంశాల్లో ఒకదాని పేరు కూడా తిస్కాపాయే. ఆ బీట వెంటే ఒకనాడు లావా పైకి వచ్చింది. ఆ తర్వాత ఊరి వరద కాలువలను ఈ బిలంలోకి మళ్లించారు. వాన పడినప్పుడల్లా వీధుల చెత్త, ప్లాస్టిక్ సీసాలు, మురుగు అన్నీ అందులోకి చేరాయి. బయటికి పోయే మార్గం లేని గుంటను ఊరి కాలువకు చివరగా ఎంచుకున్నప్పుడు దాని గతి ఆనాడే నిశ్చయమైంది.

అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని అసొసొస్కా కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. పేరుకు అర్థం ‘నీలి నీళ్లు’. మనాగ్వా ఏళ్ల తరబడి తాగుతున్న నీళ్లలో కొంత ఇక్కడివే. అందుకే చుట్టూ కంచె వేసి, కాపలా పెట్టి, జనాన్ని లోపలికి పోనివ్వకుండా ఉంచారు. రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి, రెండూ ఒకే రకం బిలాలు, రెండింటికీ అలుగు లేదు. ఒకటి మంచినీళ్ల బావి అయింది, మరొకటి మురుగు కుండీ అయింది. ఈ తేడా అగ్నిపర్వతం పెట్టింది కాదు. అయితే అసొసొస్కాకు కంచె ఒక్కటే రక్షణ కాదు. అది నిజానికి భూగర్భ జలం బయటికి కనిపించే కిటికీ. చుట్టుపక్కల నేలలో ఏం ఇంకితే అది ఇందులోకి వస్తుంది. ఎక్కువ తోడితే చుట్టూ ఉన్న నీటి పొరలు ఇటు వాలుతాయి. ఆ చుట్టుపక్కల నేల ఇప్పుడు రాజధాని పెరుగుతున్న నేల.

మసాయా ఊరు ఒక బిలపు అంచున ఉంది. కింద నీళ్లు కనబడుతూనే ఉంటాయి, చేరడమే కష్టం. పంపులు రాకముందు ఆడవాళ్లు నెత్తిన కుండలతో కొండచరియ దారిలో కిందికి దిగి, నిండు కుండలతో మళ్లీ ఎక్కేవాళ్లని 19వ శతాబ్దపు యాత్రికులు రాశారు. నీళ్ల మోతలో ఎంత చాకిరీ ఉంటుందో మన పల్లెల్లో ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత పంపులు వచ్చాయి, చాకిరీ తప్పింది. ఆ ఊరి మురుగు వల్లే ఆ నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగవలసింది అపోయో దగ్గర. సుమారు 23,000 ఏళ్ల కిందటి విస్ఫోటనంతో ఏర్పడిన గుంట. నీటి వైశాల్యం దాదాపు 21 చదరపు కిలోమీటర్లు, లోతు 170 మీటర్లకు పైనే. దీని అడుగు సముద్ర మట్టం కంటే సుమారు వంద మీటర్లు కింద ఉంటుంది. నీళ్లు వెచ్చగా, కొంచెం ఉప్పగా, అద్దంలా ఉంటాయి. చుట్టూ నిటారు గోడల మీద అడవి.

ఈ గుంటలోకి చేప ఎలా వచ్చిందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఏరు లేదు, కాలువ లేదు. పక్షులు తెచ్చాయో, మనుషులు వేశారో, పెనుగాలి మోసిందో. ఏమైనా పెద్ద సరస్సుల్లోని మైడాస్ సిక్లిడ్ అనే చేప కొన్ని వేల ఏళ్ల కిందట ఇక్కడికి చేరింది. తిలాపియా, కేరళ కరిమీన్ కూడా ఈ సిక్లిడ్ కుటుంబంవే. వచ్చిన ఆ చేప ఇక్కడ ఒకటిగా ఉండలేదు. ఒడ్డు దగ్గర రాళ్ల మధ్య నత్తల్ని కొరికి తినేవాటికి వెడల్పు ఒళ్లు, గట్టి గొంతు దవడలు వచ్చాయి. నడిమధ్య నీళ్లలో ఈదుతూ వేటాడేవాటికి ఒళ్లు బాణంలా సన్నబడింది. బాణం లాంటి ఆ చేప, అంఫిలోఫస్ జాలియోసస్, ప్రపంచంలో మరెక్కడా లేదు. ఇప్పుడు ఈ ఒక్క గుంటలోనే మైడాస్ వంశానికి చెందిన ఆరు ప్రత్యేక జాతులను గుర్తించారు. హిలోవాలో మరో నాలుగు ఉన్నాయి.

కొత్త జాతి పుట్టాలంటే మధ్యలో కొండో సముద్రమో అడ్డం రావాలని, విడిపోయిన గుంపులే వేరు జాతులవుతాయని జీవశాస్త్రంలో బలమైన నమ్మకం ఉండేది. 2006లో మార్తా బర్లుయెంగా, ఆక్సెల్ మేయర్, వాళ్ల సహచరులు నేచర్ పత్రికలో అపోయో చేపల గురించి రాసిన పరిశోధన ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. అడ్డుగోడ ఏదీ లేని ఒకే గుండ్రటి గుంటలో, పదివేల ఏళ్లలోపే, తిండి అలవాటును బట్టీ జత ఎంపికను బట్టీ ఒక జాతి రెండుగా చీలిందని వాళ్లు చూపించారు. తర్వాతి జన్యు పరిశోధనల్లో, బయటి చేపలు ఒక్కసారే కాక రెండో విడత కూడా వచ్చి కలిశాయని తేలింది. చర్చ ఇంకా సాగుతోంది. చీలిక మాత్రం ఈ గుంటలోనే జరిగిందన్న మాట నిలబడింది. ఎటూ పోలేని చేప ఉన్నచోటే కొత్త బతుకు వెతుక్కుంది. అలుగు లేకపోవడం వల్ల దక్కిన సంపద ఇది.

దాన్ని పోగొట్టేదీ అదే. 1990ల మధ్యలో ఈ సరస్సులో పంజరాలు కట్టి ఆఫ్రికా తిలాపియాను పెంచడం మొదలుపెట్టారు. మంచి ఉద్దేశమే. తక్కువ ఖర్చుతో ఎక్కువ చేప, చుట్టుపక్కల పల్లెలకు పని. తిలాపియా ఎంత మొండిదో, ఎంత త్వరగా పెరుగుతుందో చేపల చెరువులున్న గోదావరి జిల్లాల వాళ్లకు తెలుసు. పంజరాల్లోంచి తప్పించుకున్నవి సరస్సు అడుగున ‘కారా’ అనే నాచు మొక్కల మీద పడ్డాయి. ఆ నాచు మేటలే స్థానిక చేపలకు మేతా, పిల్లలు దాక్కునే చోటూ. కొన్నేళ్లలోనే మేటలు చాలావరకు కనుమరుగయ్యాయి. 2000 నాటికి అక్కడ పంజరాల పెంపకం ఆగింది. తర్వాత నాచు కొంత తిరిగి వచ్చింది, అయితే చేరిన తిలాపియా పోలేదు. 1991 నుంచి అపోయో ప్రకృతి రక్షిత ప్రాంతం. అంటే పంజరాలు కట్టిన నాటికే చట్టం కాగితం మీద ఉంది. చేపల పెంపకం తప్పు కాదు, ఎక్కడ పెంచుతున్నామన్నదే ప్రశ్న. ప్రపంచంలో మరెక్కడా లేని చేప ఉన్న గుంటలో బయటి చేపను వదలడం ఏ లెక్కన చూసినా సమర్థించుకోలేనిది. పెద్ద సరస్సులో ఒక జాతి దెబ్బతింటే నదీమార్గాన మళ్లీ వచ్చే అవకాశం కొంతైనా ఉంటుంది. ఇక్కడ పోయినదాన్ని తెచ్చుకోవడానికి ఇంకో చోటు లేదు.

అపోయో నీటిమట్టం కూడా దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. చుట్టూ అడవి తగ్గి, ఇళ్లూ హోటళ్లూ పెరిగి, భూగర్భ జలాన్ని తోడుకోవడం ఎక్కువైనప్పుడు పైనుంచి ఇంకే నీళ్లు తగ్గడం సహజం. గట్టు మీద పాత నీటి గీతలు చూస్తే ఎంత దిగిందో కంటికే తెలుస్తుంది.

కొసిబోల్కా విషయంలో ఆశ ఎప్పుడూ దీనికి తలకిందులు. ఆ సరస్సుకున్న దారి చాలదని, ఇంకా పెద్దది కావాలని రాజులూ వ్యాపారులూ కోరుకున్నారు. కరీబియన్ నుంచి నది, నది నుంచి సరస్సు, సరస్సు పడమటి ఒడ్డు నుంచి పసిఫిక్‌కు ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూఇటూ సన్నటి నేల. ఆ నేల తవ్వితే రెండు మహాసముద్రాలు కలుస్తాయి. 1850లలో కాలిఫోర్నియా బంగారం కోసం పరుగెత్తినవాళ్లు వాండర్‌బిల్ట్ కంపెనీ స్టీమర్లలో ఈ నదీ సరస్సుల మీదుగానే వెళ్లి, చివరి ముక్క బండ్ల మీద దాటారు. 19వ శతాబ్దం చివరిదాకా అమెరికా కాలువ తవ్వితే నికరాగువాలోనే అని చాలామంది అనుకున్నారు. 1902లో పనామా తరఫున తిరిగిన ఫ్రెంచ్ ఇంజనీరు ఫిలిప్ బ్యునో-వరీలా ఒక పని చేశాడు. నికరాగువా ప్రభుత్వమే అచ్చేసిన తపాలా బిళ్లలు కొని అమెరికా సెనేటర్లందరికీ పంపాడు. బిళ్ల మీద షొలొట్లాన్ ఒడ్డున పొగలు చిమ్ముతున్న మొమొతొంబో అగ్నిపర్వతం బొమ్మ ఉంది. ఇలాంటి నేల మీద కాలువ తవ్వుతారా అని అడక్కుండానే అడిగినట్టు. సెనేట్ పనామాకే ఓటు వేసింది. తపాలా బిళ్ల ఒక్కటే దానికి కారణమనడం అతిశయోక్తి. అయినా ఒక దేశం గర్వంగా అచ్చువేసుకున్న కొండ బొమ్మ దానికే ఎదురు సాక్ష్యమైన మాట నిజం.

ఆ ఆశ 2013లో మళ్లీ లేచింది. హాంకాంగ్‌లో నమోదైన హెచ్‌కేఎన్‌డీ సంస్థకు, వాంగ్ జింగ్ అనే వ్యాపారి నాయకత్వంలో, కాలువ తవ్వడానికి 50 ఏళ్ల హక్కు ఇస్తూ చట్టం చేశారు. ఇంకో 50 ఏళ్లు పొడిగించే వీలు కూడా పెట్టారు. మొత్తం 278 కిలోమీటర్ల దారిలో వంద కిలోమీటర్లకు పైగా కొసిబోల్కా మీదుగానే. ఆ సరస్సు సగటు లోతు 12, 13 మీటర్లన్నది గుర్తుచేసుకోవలసింది ఇక్కడే. భారీ ఓడలు నడవాలంటే దానికి రెట్టింపు లోతు కావాలి. అంటే సరస్సు అడుగున వంద కిలోమీటర్ల పొడవునా బురద తవ్వి, ఎక్కడో పొయ్యాలి, ఆపైన ఏటేటా తవ్వుతూనే ఉండాలి. గాలికి కలియబడే నిస్సార సరస్సులో ఆ బురద ఎన్నాళ్లకు కిందికి దిగుతుంది? లాకుల గుండా ఉప్పునీళ్లు ఎంత లోపలికి వస్తాయి? ఈ నీళ్లు తాగే ఊళ్ల మాటేమిటి? భూములు పోతాయన్న రైతులు ఏళ్ల తరబడి ఊరేగింపులు తీశారు, దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు. 2014 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది గానీ కాలువ తవ్వకం మాత్రం మొదలు కాలేదు. 2024 మేలో ఆ చట్టాన్నే రద్దు చేశారు.

కరీబియన్ వైపు నేల వేరు, మనుషులు వేరు, నీళ్లు కూడా వేరు. అక్కడి లాగూన్‌లకు అగ్నిపర్వతాలతో నేరుగా సంబంధం లేదు. పెద్ద వానలు తెచ్చే నదులు ఒండ్రు పోస్తాయి, సముద్రం ఆ ఇసుకను తీరం వెంట తిన్నెగా పేరుస్తుంది, వెనక నీళ్లు నిలుస్తాయి. పెర్ల్ లాగూన్, బ్లూఫీల్డ్స్, వౌంటా, కరాటా, బిస్మునా అన్నీ ఆ కోవలోవే. వానాకాలంలో మంచినీళ్లు, ఎండాకాలంలో సముద్రం లోపలికి వచ్చి ఉప్పు. ఈ మారే ఉప్పు మీదే రొయ్య పెరుగుతుంది. ఒడ్డున మిస్కీటో, క్రియోల్, గరీఫునా జనం ఉంటారు. వాళ్ల భాషలు స్పానిష్ కావు, రాజధాని మాట వాళ్ల దాకా చేరడానికి చాలాసార్లు ఆలస్యమవుతుంది.

వౌంటా లాగూన్‌కూ సముద్రానికీ నడుమ సన్నటి ఇసుక పట్టీ మీద హాలోవర్ అనే మిస్కీటో పల్లె ఉంది. లాగూన్‌లోంచి సముద్రానికి పడవను ఇసుక మీదుగా లాక్కుపోయి దాటించే చోటు కాబట్టి ఆ పేరు. 2020 నవంబర్‌లో రెండు వారాల తేడాతో ఏటా, అయోటా అనే రెండు పెను తుఫానులు ఒకదాని వెంట ఒకటి ఈ తీరాన్నే తాకాయి. జనాన్ని ముందే తరలించారు. తిరిగి వచ్చి చూస్తే ఇళ్లు లేవు, కొబ్బరిచెట్లు విరిగి ఉన్నాయి. ఇసుక పట్టీని సముద్రం కోసేసి, పల్లెను రెండు ముక్కలు చేసి, లాగూన్‌లోకి కొత్త దారి తెరిచింది. తాతలు పడవలు లాగిన చోట ఇప్పుడు నీళ్లు పారుతుండగా, అటు నుంచి ఇటు రావడానికి జనం పడవలే ఎక్కారు.